రెండో ఆల్చిప్ప

చీమలు ఇంకా ఈదుతున్నాయి. ఈత అనేది చూసేవాళ్ళ మాట, అది ఈత కాదు, చచ్చేముందు కాళ్ళు కొట్టుకోవడం, అనుకున్నాడు పైడన్న పళ్ళు బిగించి. ఇసుకలో కూరిపెట్టిన ఆల్చిప్ప, అందులో తన చెల్లెలు గౌరి పాలు, ఆ పాలలో కులపెద్ద నరసన్న తన చేత్తో జారవిడిచిన గండుచీమలు, చుట్టూ సోనేపూర్ ఊరు ఊరంతా. ఒడ్డున బోర్లించిన పడవ నీడ, నరసన్న కర్రతో గీసిన గీత దాటి వెనక్కి జరిగేలోగా చీమలు గట్టెక్కితే పాలు మంచివి. చస్తే విషం. విషమైతే గౌరి తన ఇద్దరు పిల్లల్నీ తన రొమ్ముతో తానే చంపుకున్నట్టు. అప్పుడు మొగుడు కొండబాబు ఆమెను వదిలేసి మారుమనువు చేసుకోవచ్చు. ఇక రామయ్యపట్నం నుంచి చమఖండి దాకా ఈ తీరం పొడుగునా ఏ ఇల్లూ ఆమెను గడప తొక్కనివ్వదు, ఏ తల్లీ తన బిడ్డను ఆమె చేతికివ్వదు. అదీ ఇవాళ్టి పంచాయతీ. పొద్దున్నే చేపలవేట మానుకుని మరీ వచ్చి కూర్చున్నారు మహానుభావులు. వేటకు వెళ్ళాలంటే గాలి చూడాలి, నీటి వాటం చూడాలి, ఎదురొచ్చినవాడి మొహం చూడాలి. ఆడదాని బతుకు తీయడానికి మాత్రం ప్రతిరోజూ మంచిరోజే.

పెద్దల వరసకు ఎడంగా పైడన్నకు కుర్చీ వేశారు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క కుర్చీ, బడిపంతులుది, ఒక కాలు పొట్టి. కదిలితే టకటకమంటుంది. కుర్చీ వేశారు గానీ మాటకు చోటు వేయలేదు. అమ్మాయి తరఫువాడివి, చదువుకున్నవాడివి, కూచుని చూడు, అని దాని అర్థం. ఈ ఇసుకలో మొలతాడు తప్ప మరేమీ లేకుండా పరిగెత్తినవాడే అతను. నాన్న కాసులు రంగూనుకు ఎండుచేపలు పంపిన రోజుల్లో నాలుగు డబ్బులు కనపడి, కొడుకును బరంపురం మిషన్ బడిలో వేస్తే, అక్కడి నుంచి మద్రాసు, మద్రాసు నుంచి జీవరసాయనం, జీవరసాయనం నుంచి మళ్ళీ బరంపురం, ఒక ఆసుపత్రి వెనక గదిలో ఉచ్చా నెత్తురూ బావినీళ్ళూ పరీక్ష చేసే ఉద్యోగం. ఏం పని బాబూ నీది, అని ఈ ఊళ్ళో ఎవరడిగినా మందుల పని అంటాడు. కుందేళ్ళ మెదళ్ళు కోస్తాను అంటే మళ్ళీ అదో పంచాయతీ. గౌరి ఎదురుగా ఎండలో కూర్చుంది, ఒంటరిగా, పుట్టింటి తరఫు ఆడదిక్కు లేక. అమ్మ పోయి చాన్నాళ్ళయింది. తల వంచుకోలేదు గౌరి, చిప్పకేసి చూడటం లేదు, అన్నకేసే చూస్తోంది. నోరు మెదపకు అంటోంది ఆ చూపు. ఎందుకు మెదపకూడదో ఈ ఒడ్డున వాళ్ళిద్దరికే తెలుసు.

ఒక చీమ అంచు దాకా వచ్చింది. జనం ముందుకు వంగారు. ఆల్చిప్ప లోపలి నున్నదనం మీద కాలు నిలవక అది జారి మళ్ళీ పాలల్లో పడింది, ఎవరో ప్చ్ అన్నారు, కోడిపందెంలో అన్నట్టు. తెల్లటి పాలమీద నల్లటి చుక్క. తెలుపు చూస్తే అతనికి కుందేలు మెదడు గుర్తొస్తుంది, ఏ తెలుపు చూసినా అంతే, అన్నం చూసినా అంతే. ఇంటి వెనక రేకుల షెడ్డులో కుందేలు చెవి నరంలోకి నీలిరంగు ఎక్కిస్తాడు. కాసేపటికి చెవులు నీలం, చిగుళ్ళు నీలం, కళ్ళ అంచులు నీలం. కోసి చూస్తే కాలేయం, మూత్రపిండాలు, కండ, తోలు అడుగు, అంతా నీలం. అప్పుడు పుర్రె తెరుస్తాడు. మెదడు మాత్రం జున్నుముక్కలా తెల్లగా ఉంటుంది. నెత్తురు మెదడులోకి పోదా అంటే పోతుంది, అన్ని చోట్లకంటే ఎక్కువగా పోతుంది. ఆ నెత్తురు మోసుకొచ్చిన రంగు మాత్రం అక్కడ దిగదు. నెత్తురుకూ మెదడుకూ నడుమ ఏదో అడ్డుంది. ఎవరు కట్టారు, దేనితో కట్టారు, దేనికి తలుపు తీస్తుంది, దేనికి తీయదు? ఈథరు ఒక్క ఊపిరిలో లోపలికి పోతుంది. సారా గుక్కెడు తాగితే గుడిసె చేరేలోపు పోతుంది. నీలిరంగు జన్మలో పోదు. రంగు నెత్తురులో ఒంటరిగా తిరగదని అతని అనుమానం. నెత్తురులో ఉండే మాంసకృత్తును పట్టుకుని తిరుగుతుంది, పడవ ఎక్కిన మనిషిలాగా. పడవ ఆ సందుల్లో పట్టదు, పడవ దిగని మనిషి గట్టెక్కడు. అంతవరకూ బాగానే ఉంది. మరి పడవలన్నీ నిండిపోయి ఇంకా మనుషులు మిగిలిపోతే? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని ఏళ్ళ తరబడి కుందేళ్ళను చంపుతున్నాడు, భార్య భారతీదేవి అతని చేతి అన్నం ముట్టనంటుంది, ఇల్లంతా కుందేలు కంపు అంటుంది. నిజమే. కంపే.

మద్రాసులో ఆ తెల్ల మెదడును పెద్దల ముందు చూపించాడు ఒకసారి. దొర ఒకాయన చుట్ట పక్కన పెట్టి, మిస్టర్ పైడన్నా, మీ జిల్లావాళ్ళ మెదళ్ళకు ఏదీ ఎక్కదని మేము ఎప్పుడో కనిపెట్టాం కదా, దానికి పాపం కుందేళ్ళెందుకు, అన్నాడు. అందరూ నవ్వారు. పైడన్న కూడా నవ్వాడు. ఆ నవ్వు ఇప్పటికీ నోట్లో తిరుగుతుంది, కుళ్ళిన చేప కొరికినట్టు. ఆయన చెంప పగలగొట్టవలసింది. పోనీ చేత్తో కాకపోతే నోటితో. ఏమీ చేయలేదు, థాంక్యూ సర్ అన్నాడు. ఇప్పుడు ఈ ఇసుకలో నరసన్న మొహం చూస్తుంటే, మీసం దువ్వుకుంటూ నీడకేసి ఓరచూపు చూస్తున్న ఆ మొహం చూస్తుంటే, దొర అన్న ఆ మాటే తన నాలుక చివరికి వచ్చి నిలబడింది. వీళ్ళ మెదడుకు ఏదీ ఎక్కదు. ఆ సంగతి గమనించి అతనికి తనమీదే ఇంకా మంటెత్తింది. దొర మాట తన నోట్లోకి ఏ దారిన వచ్చింది? ఏది ఎలా పోతుందో తేల్చేవాడు తనే కదా, చెప్పమను. ఈ నరసన్నే నాన్న పాడెకు భుజం పట్టాడు, ఆ రోజు వానలో బాహుదా నది మొగ దాకా మోశాడు. మంచివాడే. మంచివాళ్ళతోనే చావు. చెడ్డవాడైతే నాలుగు తిట్టి లేచిపోవచ్చు.

వెనక మగాళ్ళు కాలక్షేపానికి కబుర్లు మొదలెట్టారు. గంజాం ఒడిశాలో కలిసిపోతుందట, మన్ని మద్రాసోళ్ళు వదిలేస్తారట, బరంపురంలో మీటింగులట, అర్జీలట. కలవనీ, కటకంలో కలవనీ, కాశీలో కలవనీ, ఈ చిప్ప ఈ ఇసుకలోనే ఉంటుంది, ఈ గీత ఇక్కడే గీస్తారు. నీడ గీతకు జానెడు దూరంలో ఉంది. ఎర్రమ్మ, గౌరి అత్త, ఆడవాళ్ళ వరసలో ముందు కూర్చుని వక్క నములుతోంది. ఆమె చేతులు మణికట్ల దాకా పసుపు. పసుపు. అదే కదా అసలు దొంగ. కాదు, దొంగకు ముసుగు. మొదటి కడుపు నిలవలేదు గౌరికి. తర్వాత పుట్టిన మగపిల్లాడు పచ్చబడి, వెన్ను విల్లులా వంగి చచ్చిపోతే, ఇసుకలో పెట్టేశాక గానీ బరంపురానికి కబురు రాలేదు. ఈసారి మాత్రం అతనే వచ్చాడు, పురిటి వాసన పోకముందే వచ్చాడు. చీకటి గది, సాంబ్రాణి పొగ, వావిలాకు నీళ్ళు. తల్లికి పసుపు, బిడ్డకు పసుపు, పాత గుడ్డకు పసుపు, చాపకు పసుపు. పిల్ల పచ్చగా ఉందేమిటి అన్నాడు. పసుపు రాస్తే పచ్చగా ఉండదేటి బాబూ, నీలంగా ఉంటదా, అంది ఎర్రమ్మ, ఆడవాళ్ళంతా పడీపడీ నవ్వారు. కడగండి అన్నాడు. ఓలమ్మో, పురిటిగుంటకి పసుపు కడిగేత్తారేటి, దిష్టి కొట్టి పోదా, అన్నారు. తనే గోరువెచ్చని నీళ్ళలో శనగపిండి కలిపి ఆ గుప్పెడు ఒంటిని కడిగాడు. నీళ్ళు పచ్చగా పోయాయి, మళ్ళీ పోశాడు, తెల్లగా పోయాయి. పిల్ల మాత్రం పచ్చగానే మిగిలింది. రెప్ప ఎత్తి చూస్తే కంటి తెలుపు పసుపుకొమ్ములా ఉంది. అప్పుడు ఎవరూ నవ్వలేదు. ఆ గదిలో ఒక పచ్చదనం కింద ఇంకో పచ్చదనం దాక్కుని ఉంటే, ఇంతమంది పిల్లల్ని కన్న ఆడవాళ్ళు, పిల్ల పసుపు బాగా పట్టింది అని మురిసిపోతూ కూర్చున్నారు. తిట్టాలి. కాని తిట్టేముందు మనసు ఇంకో మాట అంటుంది, అదే అన్నిటికంటే మంట. పుట్టిన పూటే కడిగి చూసి ఉంటే మాత్రం ఏం చేసేవాడివి? మందు లేదు. ఈ కామెర్లకు ఇక్కడా లేదు, మద్రాసులోనూ లేదు, ఆ దొరల దేశంలోనూ లేదు.

గౌరి చూపు మళ్ళీ. మెదపకు. ఆ రోజు బండి కట్టించి తల్లినీ పిల్లనూ బరంపురం తీసుకొస్తే, డాక్టరు రామచంద్రరావు గుండె మీద చెయ్యి పెట్టి చూసి, చేసేదేం లేదోయ్ పైడన్నా, తల్లి ఒళ్ళో ఉండనీ, అన్నాడు. పిల్ల నోరు పట్టలేదు. పాలు కారిపోయి రవికె తడిసిపోతోంది, పిల్లకు పెదవి కదపడం చేతకాలేదు. సన్నటి అరుపు, పిల్లికూన అరుపు, తర్వాత అదీ లేదు. భారతీదేవి లోపలికి వెళ్ళి ఏడ్చింది. గౌరి ఏడవలేదు. అప్పటికే ఊళ్ళో మాట పుట్టింది, దాని పాలే విషమని, రెండో బిడ్డ కూడా అలాగే పోతోంది చూడమని. చల్లబడిన పిల్లను ఒళ్ళో పెట్టుకుని, "నువ్వు కుందేళ్ళని కోత్తావు గదా అన్నా," అంది. అతనికి అర్థం కాలేదు, అర్థం కానట్టు నటించాడు. "దీన్ని కోసి సూడు. నా పాలో, మరేటో, నాకు తెలాలి. పాలే అయితే పాలని సెప్పు, దాయకు." రామచంద్రరావు తలుపు గడియ వేసి, తల పక్కకు తిప్పుకుని దీపం పట్టుకున్నాడు. పుర్రె ఎముక చిక్కుడుకాయ తొక్కలా మెత్తగా ఉంది. మెదడు బయటంతా తెలుపే. లోపల, అడుగున, రెండు వైపులా, ఎవరో వేలితో అద్దినట్టు పసుపు ముద్దలు. కామెర్ల పచ్చకు నెత్తురులో పడవలు నిండిపోయాయి. మిగిలినవాళ్ళు ఈదుకుంటూ గట్టెక్కేశారు. ఇన్నేళ్ళ ప్రశ్నకు జవాబు అక్కడ, మేనకోడలి తలలో ఉంది. ఒక్క క్షణం, రెప్పపాటు, అతనికి సంతోషం కలిగింది. దొరికింది అనుకున్నాడు. ఆ సంతోషాన్ని అతను ఎప్పటికీ క్షమించలేడు, చెప్పు తీసుకుని కొట్టుకోవాలనిపించే సంతోషం అది. చర్మం కుట్టి, తలకు గుడ్డటోపీ కట్టి తెచ్చి అప్పగించాడు. "పాలు కాదు. నీ పాలు వేలెడైనా తప్పు చేయలేదు. తప్పు నెత్తుర్లో ఉంది, కడుపులో ఉండగానే పట్టింది. ఎందుకు పడుతుందో నాకు తెలియదు." ఆమె పిల్ల టోపీ సర్ది, "మళ్ళీ కడుపొత్తే?" అంది. అబద్ధం చెప్పవలసింది. ఏ అన్నైనా చెప్పేవాడు. "మళ్ళీ పచ్చబడొచ్చు," అన్నాడు. ఆ టోపీ విప్పకుండానే పిల్లను ఇసుకలో పెట్టారు. ఇప్పుడు లేచి, పాలు కాదు, నేను కళ్ళారా చూశాను, అంటే, ఎలా చూశావురా అంటారు. చచ్చిన బిడ్డ తల కోయించిన తల్లి అంటే ఊరు చిప్పల దాకా కూడా రాదు, ఇప్పుడే ఇక్కడే రాళ్ళందుకుంటుంది. జవాబు ఉంది, గొంతు దాకా ఉంది, బయటికి దారి లేదు.

నీడ నాలుగు వేళ్ళ దూరం. చిప్పలో రెండు చీమలు కదలడం మానేశాయి. ఎర్రమ్మ వక్క ఉమ్మేసి, సూసినారా, అంది పక్కవాళ్ళతో. కొండబాబు వల ముడి ఒకటి వేస్తాడు, విప్పుతాడు, వేస్తాడు, విప్పుతాడు. నోరు లేదురా నీకు? ఇన్నేళ్ళు పక్కలో పడుకున్నదాన్ని చీమలకు వదిలేసి ముడులు వేసుకుంటున్నావు! పాలల్లో చీమ చస్తుంది. నీళ్ళలో చస్తుంది. తేనెలో చస్తుంది, గంజిలో చస్తుంది, నరసన్న ఉమ్మిలో వేసినా చస్తుంది. మునిగితే చస్తుంది, అంతే. ఆవుపాలల్లో మాత్రం బతుకుతుందా, ఎవరైనా వేసి చూశారా? ఎవరైనా వేసి చూశారా. అతను కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ప్రతి నీలి కుందేలు పక్కన ఒక తెల్ల కుందేలు ఉంటుంది. అదే మేత, అదే బోను, అదే సూది, రంగు బదులు ఉప్పునీరు. రెండోది లేకుండా మొదటిది చెప్పే మాట నమ్మకూడదు. అది లేకుండా చేస్తే ప్యూనైనా నవ్వుతాడు. తనకు ఇంతసేపు ఈ ఆలోచన రాలేదేం? ఇది తన ఊరు కనక. తన ఊళ్ళో జరిగేది మూఢం అనుకున్నాడే గానీ, ఇదీ ఒక పరీక్షే, సగం చేసిన పరీక్ష, అని అనుకోలేదు కనక. దొర నవ్వుకూ తన నవ్వుకూ తేడా లేదు కనక. కుర్చీ వెనక్కి పడింది. తను లేచి నిలబడ్డట్టు ఆ చప్పుడు విన్నాకే తెలిసింది.

"రెండో సిప్ప ఏదిరా?" కాలేజీ తెలుగు ఎటు పోయిందో పోయింది.

జనం తిరిగి చూశారు. నరసన్న మీసం వదిలాడు. "ఏటి బాబూ?"

"ఇంకో సిప్ప. ఇంకో తల్లి పాలు. పిల్ల బతికున్న తల్లి పాలు ఎట్టండి దీని పక్కన. ఇయే సీమలు అందులోనూ ఎయ్యండి. అందులో బతికి ఇందులో సస్తే అప్పుడు సెప్పండి నా సెల్లి పాలు ఇసమని. ఒక్క సిప్పతో ఏటి తేలుస్తారు?"

"మా తాతల కాడ్నించి ఒకటే సిప్ప బాబూ."

"మీ తాతలకీ బుద్ధి లేదు!"

గోల లేచింది. ఎవరో కర్ర ఎత్తారు, ఎవరో ఆపారు. గౌరి కళ్ళు మూసుకుంది. నరసన్న చెయ్యెత్తి గోల అణచాడు. తెలివైనవాడు, లేకపోతే ఇన్ని పడవల మనుషుల్ని ఒక్క మాట మీద నడపగలడా. ఆడవాళ్ళ వరసకేసి తిరిగి నెమ్మదిగా, "సరే. బాబు అడిగినాడు, కాదనను. ఏ తల్లి ఇస్తదో ముందుకు రమ్మను," అన్నాడు. ఎవరూ రారని అతనికి తెలుసు. పసిపిల్లల తల్లులు ఒక్కొక్కరే పైట సర్దుకుని పిల్లను దగ్గరికి లాక్కున్నారు. పిరికి మందలారా, అనుకున్నాడు పైడన్న, ఒక్క గుక్కెడు పాలు, ఒక్క ఆల్చిప్పెడు, దానికి చస్తారేం? కాని చీమలు చస్తే ఏమవుతుందో వాళ్ళకు తెలుసు, అతనికి తెలిసినదానికంటే బాగా తెలుసు. వాళ్ళ కళ్ళలో ఉన్నది గౌరి మీద కోపం కాదు, గౌరి పక్కన కూర్చోవలసి వస్తుందేమోనని భయం. తనకు తిట్టడం సుఖం. వాళ్ళకు ఇళ్ళున్నాయి.

"నాను ఇత్తాను."

ఎర్రమ్మ కూతురు కాసమ్మ. గౌరి ఆడపడుచు. పురిటికని పుట్టింటికి వచ్చి ఇంకా ఇక్కడే ఉంది, చంకలో పిల్ల. ఎర్రమ్మ కూతురి చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగింది. "ఒలే, కూకోవే! మతి పోయిందేటే నీకు?" కాసమ్మ తల్లి చెయ్యి విదిలించుకుని ఒడ్డున ఆరేసిన తెరచాప చాటుకు పోయింది. ముసలామె ఒకతె వెనకే పోయి ఆల్చిప్పతో తిరిగి వచ్చింది. అదే పుట్టలోంచి చీమలు. నరసన్న ధర్మానికి పోయి ఇంకో గీత గీశాడు, కొంచెం ఇవతలగా. నీడ నడుస్తోంది. పైడన్న రెండు చిప్పల మధ్య మోకాళ్ళ మీద కూర్చున్నాడు, రేకుల షెడ్డులో కూర్చున్నట్టే. చెమట కళ్ళలోకి కారుతోంది, తుడుచుకోవాలని లేదు. కాసమ్మ పాలల్లో చీమలు ఎగబాకాయి, జారాయి, ఎగబాకాయి, జారాయి. చావండి, అని అతను చీమలను వేడుకున్నాడు, చావండి తల్లీ, తొందరగా చావండి. నీడ గీత మీదికి వచ్చేసరికి రెండు చిప్పల్లోనూ కదలిక లేదు. అతను తల ఎత్తి నవ్వబోయాడు. చూశారా అనబోయాడు.

నరసన్న రెండు చిప్పలూ చూశాడు, గడ్డం గోక్కున్నాడు, బరువుగా నిట్టూర్చాడు. "అయితే ఇద్దరి పాలూ ఇసమే."

ఎర్రమ్మ నోరు బాదుకుంది. అయ్యో నా కూతురా, దీని నీడ పడే నా పిల్ల పాలు కూడా ఇరిగిపోనాయి, అని ఇసుక ఎత్తి నెత్తిన పోసుకుంది. జనం గుసగుసలు కాసమ్మ చుట్టూ ముసురుకున్నాయి. చదివిన చదువంతా, కోసిన కుందేళ్ళన్నీ, ఆ పసితలలో చూసిన పసుపు ముద్దలు, అన్నీ కలిసి చివరికి ఇంకొక ఆడదాన్ని ముంచడానికి పనికొచ్చాయి. ఈ ఊరిని తగలబెట్టాలి. ఈ చిప్పలు నరసన్న నోట్లో కుక్కాలి.

కాసమ్మ ఏడవలేదు. చంకలోని పిల్లను రెండు చేతులా ఎత్తి, ఇసుకలో నాలుగంగలు వేసి, గౌరి ఒళ్ళో పెట్టింది. "దీనికి ఆకలేత్తంది వదినా," అంది. గౌరి ఆమె మొహంలోకి చూసింది. తర్వాత పైట కప్పింది. పిల్ల తడుముకోలేదు. కొత్త రొమ్మయితే పిల్లలు మూతి తిప్పుతారు, వెతుకుతారు, గునుస్తారు. ఈ పిల్ల ఇల్లు తెలిసినట్టు తిన్నగా వెళ్ళి పట్టుకుంది. మడమలు మాత్రం పైట బయట ఆడుతున్నాయి, బొద్దుగా, ఎర్రగా. పైడన్నకు అప్పుడు తట్టింది. ఇది మొదటిసారి కాదు.

"సూడండి," అంది కాసమ్మ ఊరికి. "పుట్టినకాడ్నించి ఇది తాగింది ఆ పాలే. నాకు పాలు పడనేదు. అప్పటికి మా వదిన పిల్ల పోనాది, పాలు కారిపోతన్నాయి. ఎండుసేపల పాక ఎనకాల మా వదినే దీనికి పట్టింది, రోజూ, ఎవుల్కీ తెలకుండా. నాకు తరవాత పడినాయి. సచ్చిపోయినట్టున్నాదేటి ఇది? మీ సీమలే తెలివైనోళ్ళా?"

నరసన్న కర్ర ఇసుకలో గుచ్చాడు. "మరి ఇంతసేపూ ఎందుకు సెప్పనేదే?"

"సెప్తే దీన్ని నా కాడ్నించి లాగేత్తారని. ఇసం తాగిన పిల్ల అని సెప్పి, దీనికి వాతలెట్టి, మంత్రాలెట్టి, మీరే సంపేత్తారని."

అలాగే చేసి ఉండేవాళ్ళు. పిల్ల గుటకలు వినిపిస్తున్నాయి. నరసన్న కాలితో ఇసుక తోసి రెండు చిప్పలూ పూడ్చేశాడు. "పాలు మంచియే," అన్నాడు సముద్రం వైపు చూస్తూ, "ఎల్లండి, ఎల్లండి, గాలి తిరిగింది." అంతే. తప్పయిపోయింది అని లేదు, ఒక్క ముక్క లేదు, తీర్థం అయిపోయినట్టు జనం లేచి పంచెలు దులుపుకుంటున్నారు. ఎర్రమ్మ కళ్ళు తుడుచుకుని, మనవరాలి కాలు ముట్టుకుని, కోడలితో కొత్త గొంతుతో, "సాల్లే, ఒలే గౌరీ, లెగు, ఇంటికి పోదాం. కూరొండాల," అంది. కొండబాబు వల వదిలేసి వచ్చి చెయ్యి చాపాడు. ఇప్పుడు చాపావా చెయ్యి! గెలిచాం కదా, ఈ ఇంటికి తిరిగి పోవాలనే కదా ఇంత గొడవ, మింగు, అని తనకు తాను చెప్పుకున్నాడు పైడన్న.

గౌరి తొందరపడలేదు. పిల్ల వదిలేదాకా కూర్చుంది. వదిలాక మూతి తుడిచి, భుజాన వేసుకుని వీపు తట్టి, కాసమ్మ చేతికిచ్చింది. అప్పుడు లేచింది. మొగుడు చాపిన చేతిని చూసింది, ముట్టుకోలేదు.

"నా పాలు మంచియని ఊరంతా సూసింది గదా. ఇక నాను రాను."

"ఏటీ?" అన్నాడు కొండబాబు. "మంచియని సెప్పినారు గదే. ఇంకేటి?"

పైడన్న అడ్డం పోబోయాడు. ఏమిటే ఇది, అనబోయాడు. ఆమె మాట అంతకన్న ముందే వచ్చింది, కోపం లేకుండా, పక్కింటివాళ్ళతో చెప్పినంత మామూలుగా.

"మళ్ళీ కంటే మళ్ళీ పచ్చబడిపోద్దయ్యా. నాకు తెలుసు. ఇంత మంచి పాలెట్టుకుని ఇంకెంతమందిని ఇసకలో ఎట్టను?"